గుర్రాలు వదిలిన కలుపు

విక్రమ నామ సంవత్సరం, వానలు ముఖం చాటేసిన శ్రావణం. రాజుగారి గుర్రాలు మేసే బీడుకు సింగరాయుడు అధికారి. బీడంతా చెంగలి గడ్డి ఒక్కటే సిపాయిల్లా వరసగా నిలబడాలని పట్టుబట్టి, తక్కిన మొక్కలన్నీ పీకించేశాడు. వాన లేక ఆ ఒక్కటీ పండుబారింది. గట్టుకవతల బయ్యమ్మ మడిలో మాత్రం గరిక, పిల్లిపెసర, పేరు తెలియని తీగలు కలగలిసి మోకాలెత్తు పెరిగాయి. అక్కడ ఒకటి వాడితే ఇంకొకటి లేచేది. ఆమె రెండు గేదెలకూ ఆ మడే ఆధారం.

"ముసలీ, నీ కలుపు విత్తనాలు నా బీడులో పడుతున్నాయి. రేపటికల్లా కలుపంతా పీకెయ్. లేదంటే నీ మడి దివాణానిది," అన్నాడు సింగరాయుడు.

"అట్టాగే పీకుతాను దొరా. కానీ ఏది మేతో ఏది కలుపో ఈ ముసలిదానికేం తెలుసు? మీ గుర్రాల్ని ఒక్క పూట నా మడిలో వదలండి. అవి ముట్టకుండా వదిలిందే కలుపు."

ఊరికే మేత వస్తోందని సింగరాయుడు గుర్రపువాళ్ల ఎదుటే సరేనన్నాడు.

సాయంత్రానికి మడి బోడిగుండయింది. గట్టు దాటొచ్చి మొలిచిన చెంగలి దుబ్బులు మాత్రం అలాగే ఉన్నాయి. రోజూ అదే తిని గుర్రాలకు మొహం మొత్తింది మరి.

"కలుపు దొరికింది దొరా," అంది బయ్యమ్మ కొంగు బిగించి. "ఇక్కడిది నేను పీకేస్తాను. మీ బీడులోది ఎవరు పీకుతారు?"

గుర్రపువాళ్లు పగలబడి నవ్వారు. సింగరాయుడు మళ్లీ ఆ మడి మాట ఎత్తలేదు.

మడి తిరిగి చిగిర్చేదాకా బయ్యమ్మ గేదెలు పాలివ్వలేదు.