బుచ్చెన్న మాస్టారి చాప

బుచ్చెన్న మాస్టారు ఏ సభలోనూ కుర్చీలో కూర్చోరు. పెత్తనం కుర్చీతోనే మొదలవుతుందని ఆయన సిద్ధాంతం. అందుకే వెంట చాప తెచ్చుకుంటారు. ఆ నిరాడంబరత నలుగురికీ ఆదర్శం కావాలి గనక, దాన్ని సరిగ్గా వేదికకు ఎదురుగా పరుస్తారు.

ఒకనాడు శిష్యుడు సింహాద్రి అడిగాడు: "మాస్టారూ, మా జీడిపప్పు ఫ్యాక్టరీలో మన కార్మిక సంఘం వాళ్ళు అరవైమందే. పెద్ద పార్టీ సంఘంతో కలిస్తేగాని సమ్మె గెలవలేం. కలిస్తే వాళ్ళ నాయకుడి మాటే మాట. రేపు జవాబివ్వాలి. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు వాదన పెట్టుకోలేదు. జూట్ మిల్లు మూసేసిన నాటి సంగతి చెప్పారు.

అప్పుడు పదకొండుమందిని పనిలోంచి తీసేసి, గేటుకి తాళం వేశారు. వాళ్ళలో పైడమ్మ ఒకతె. రెండు సంఘాలూ కలిసి గేటు ముందు ఒకే టెంటు వేశాయి. గుంజలు పెద్ద సంఘానివి, తాళ్ళు మాస్టారి సంఘానివి. సభ మొదలవబోతుంటే పెద్ద సంఘం నాయకుడు సత్యంనాయుడుగారు ఒక షరతు పెట్టారు. మాట్లాడేవాళ్ళు ముందు కాగితం మీద రాసి ఆయనకు చూపించాలట.

మాస్టారికి రోషం వచ్చింది. "సూత్రం సూత్రమే" అని చాప చుట్టడం మొదలుపెట్టారు. అందరికీ కనబడాలని కాస్త నెమ్మదిగానే చుట్టారు.

పైడమ్మ వచ్చి చాప రెండో కొస తొక్కిపట్టింది. "మీరెళ్ళిపోతే మీ సూత్రం మీతోపాటు ఇంటికొచ్చేస్తాది గురువుగారూ. నా పనెలా వస్తాది?"

అక్కణ్ణించి నేరుగా నాయుడుగారి దగ్గరికెళ్ళింది. "నాకు రాత రాదు బాబూ, నోరే ఉంది. కాగితం సూపించను. కాదంటే మా తాళ్ళు మేం ఇప్పుకుంటాం, తవఁరు గుంజలట్టుకుని నిలబడండి."

ముందుగా నవ్వింది నాయుడుగారి మనుషులే. "మాటాడనీండి బాబూ, ఎండ మండిపోతంది" అన్నాడొకడు. నాయుడుగారు తలెత్తి టెంటుకేసి ఓసారి చూశారు. మైకు ఆమె చేతికిచ్చారు. ఆమె మొదట ఆయన్నే నాలుగు దులిపి, తర్వాత మిల్లు వాళ్ళని నలభై దులిపింది. వారం తిరక్కుండా గేటు తెరుచుకుంది. పదకొండుమందీ లోపలికెళ్ళేదాకా మాస్టారు గేటు దగ్గరే నిలబడ్డారు. ఆ రోజు చాప సంగతే గుర్తు లేదట.

సింహాద్రి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే తాళ్ళు పట్టుకుని వెళ్తాను మాస్టారూ. కానీ ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు లేచి వచ్చెయ్యాలో తెలిసేదెలా?"

"అది పైడమ్మనడుగు నాయనా" అన్నారు మాస్టారు. "నాకు చాప చుట్టడమే వచ్చు. ఎప్పుడు చుట్టకూడదో ఇంకా రాలేదు."