గవరమ్మ కోసిన గుమ్మడికాయ

అనగనగా, వానలు మొహం చాటేసిన ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు సింహాద్రి, చిన్నది నూకాలు. మొగుడు కూలి వెతుక్కుంటూ పై ఊళ్ళకి పోయాడు. పోయినవాడు మళ్ళీ రాలేదు. ఊ కొట్టు తల్లీ, కొట్టకపోతే కథ ఆగిపోతుంది.

ముందు ఇంట్లో గింజలు అయిపోయాయి. ఆ తర్వాత పెరట్లో ఆకులూ అయిపోయాయి. నిరుడు కాసిన గుమ్మడికాయలు మాత్రం మూడు, అటక మీద మిగిలాయి. ఉంటే ఏం లాభం? నిండు గుమ్మడికాయను ఆడది కొట్టకూడదు, కొడితే పెద్దకొడుక్కి కీడు అని ఆ ఊరి నమ్మకం. మగవాడు ఒక్క వేటు వేసి ఇస్తేనే ఆడవాళ్ళు ముక్కలు కోసేవారు.

సింహాద్రికి అప్పటికే కళ్ళు లోతుకు పోయాయి. కాయ కొయ్యాల్సిందీ వాడి కోసమే, భయమూ వాడి కోసమే. గవరమ్మ ఏం చేస్తుంది పాపం, ఒక కాయను చంకనెత్తుకుని బయల్దేరింది.

ముందు పక్కింటి దాలయ్య దగ్గరికి వెళ్ళింది. "ఒక్క వేటు వెయ్యి దాలయ్యా, సగం నువ్వే తీసుకో" అంది. అతను కాయ వంక చూసి గుటక వేశాడు.

"మా ఇంటిది నీళ్ళోసుకుంది వదినా. కాన్పయ్యేదాకా నేను కొట్టకూడదు" అన్నాడు.

అప్పుడు కుమ్మరి ఇంటికి వెళ్ళింది. "మాకు మైలమ్మా. మైల చేత్తో కొట్టిన కాయ పిల్లలకి పెడతావా?" అన్నాడు కుమ్మరి.

ఆ తర్వాత ఊరిపెద్ద నాయుడుగారి గుమ్మం ఎక్కింది. "ఈవేళ అమావాస్య కదే. రేపు పొద్దున్నే నేనే వస్తాలే" అన్నారాయన. ఆయన మంచివాడే. అందరూ మంచివాళ్ళే, అదే నాకు ఒళ్ళు మండేది.

గవరమ్మ కాయను మోసుకుని ఇంటికొచ్చింది. "నేనూ మగాణ్ణే కదమ్మా, నేను కొడతాను" అన్నాడు సింహాద్రి. రెండు చేతులా కత్తి పట్టుకున్నాడు గానీ పైకెత్తలేకపోయాడు. కత్తి జారి తొక్క మీద చిన్న గీత పడింది, అంతే. "రేపు నాయుడుగారు వస్తారు నాన్నా" అని వాణ్ణి పక్కలో పడుకోబెట్టుకుంది.

తెల్లారింది. సింహాద్రి లేవలేదు.

గవరమ్మకి ఏడుపు కూడా రాలేదు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. అప్పుడు నూకాలు "అమ్మా, ఆకలి" అంది.

గవరమ్మ లేచింది. వాడు గీసిన గీత మీదే కత్తి పెట్టి ఒక్క వేటు వేసింది. కాయ రెండు చెక్కలైంది. ఏ పిడుగూ పడలేదు. ముక్కలు తరిగి, ఉప్పూ కాస్త చింతపండూ వేసి పలచగా పులుసు కాచింది. అలవాటు కొద్దీ రెండు గిన్నెల్లో పోసింది. ఒకటి నూకాలు తాగింది. రెండోది అలాగే చల్లారిపోయింది.

అంతలో నాయుడుగారు మాట తప్పకుండా కత్తి పట్టుకుని వచ్చారు. చాప మీద పిల్లాణ్ణి చూశారు. పొయ్యి పక్కన తొక్కలు చూశారు.

"ఎంత పని చేశావే! ఆడదానివి కాయ కొట్టి, కొడుకును పోగొట్టుకున్నావు" అన్నారు.

ఊరంతా అదే మాట అంది. గవరమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. మిగతా రెండు కాయలూ తనే కొట్టింది. ఆ పులుసుతోనే వానలు పడేదాకా కూతుర్ని బతికించుకుంది.

నూకాలు ముసలిదయ్యాక కూడా ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఒక మాట అనేది. "ముందు అన్న పోయాడు. ఆ తర్వాతే అమ్మ కాయ కొట్టింది. నేను చూశాను."

ఆ నూకాలే మా అమ్మమ్మ. అందుకే మనింట్లో గుమ్మడికాయకు మొదటి వేటు ఆడవాళ్ళదే. రేపు పులుసు పెడదాం, కత్తి నీకే ఇస్తాను. ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కత్తేమో అమ్మ చేతికి,
పులుసేమో పిల్ల నోటికి,
నిద్రేమో నీ కంటికి.