ఊరికి పోయేవాళ్ల కబురు

అనగనగనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, పెన్నేటి ఒడ్డున గండివీడు అనే పట్నం ఉండేది. ఆ పట్నాన్ని తిమ్మభూపాలుడు ఏలేవాడు. ఊరి కావలికి పెద్ద తలారి ఓబలేశు. మంచివాడే, ధైర్యవంతుడే. కాకపోతే తన గొప్ప తనకే ముద్దు.

గండివీడులో ఒక ఆచారం ఉండేది. ఇంటిల్లిపాదీ తీర్థానికో పెళ్లికో పోవలసివస్తే, తలుపుకు తాళం వేసి, తలారి చావడికి వచ్చి, "అయ్యా, ఊరికి పోతున్నాం. ఇల్లు కాస్త కనిపెట్టుకోండి" అని చెప్పి పోయేవారు.

ఓబలేశు మీసం దువ్వుకుని, "నిశ్చింతగా పోయిరండి. మీ ఇంటి మీద కాకి కూడా వాలదు" అనేవాడు. ఆ ఇంటిని రాత్రంతా కాయడానికి గస్తీ కదిరప్పను పంపేవాడు.

కాకి వాలలేదు గానీ, ఆ వేసవిలో దొంగ వాలాడు! మొదట నూనె వర్తకుడి ఇల్లు, ఆ తరవాత పంతులుగారి ఇల్లు, మళ్లీ పూలదండలమ్మే పుల్లమ్మ ఇల్లు. బిందెలు లేవు, పళ్లేలు లేవు, దేవుడి దీపపు కుందులు కూడా లేవు. అన్నీ చావడిలో చెప్పి పోయిన ఇళ్లే. చెప్పకుండా పోయినవాళ్ల ఇళ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. చూశారా తమాషా!

"కంచే చేను మేసింది" అన్నారు జనం. "ఏ ఇల్లు ఖాళీయో గస్తీవాడికి కాక ఇంకెవరికి తెలుసు?"

రాజుగారు కదిరప్పను ఖైదులో వేయించారు. "గంగమ్మ జాతరలోగా అసలు దొంగ దొరికితే సరే. లేదంటే ఇతణ్ణి ఆలుబిడ్డలతో సహా పొలిమేర దాటించండి" అని ఆజ్ఞ ఇచ్చారు.

ఓబలేశు చూడబోతే, కదిరప్ప ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయ్యా, ఏ ఇల్లు ఖాళీయో మీరు చెప్పిన మాట నా పెళ్లానికి కూడా చెప్పలేదు. గంగమ్మ తోడు. నా పిల్లలు ఏ ఊరికని పోతారయ్యా?" అన్నాడు.

కదిరప్ప అబద్ధమాడే మనిషి కాడని ఓబలేశుకు తెలుసు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. భార్య నాగులమ్మ విసనకర్ర పక్కన పెట్టింది.

"దొంగను తరవాత వెతుకుదురు గానీ, ముందు మాట ఎటు పోయిందో వెతకండి" అంది. "ఇల్లు ఖాళీ అవుతుందని ముందుగా తెలిసేది ఎవరికి?"

ఓబలేశు ఆలోచించాడు. ప్రయాణానికి ముహూర్తం చూడనిదే గండివీడులో ఎవరూ గడప దాటరు. కాబట్టి ముహూర్తం పెట్టే శాస్త్రులుగారికి తెలుస్తుంది. బండి కట్టే మస్తానుకు తెలుస్తుంది. "ఈ ఇద్దరిలో ఒకరి నుంచే మాట జారింది. పట్టేస్తాను చూడు!" అన్నాడు.

మొదట ఒక కుటుంబాన్ని పిలిచి, "శాస్త్రులుగారికి తప్ప ఎవరికీ చెప్పకండి. బండి వద్దు, నడిచే పోండి" అన్నాడు. వాళ్లు పోయారు. ఓబలేశు ఆ ఇంటి అటక మీద దాక్కుని చెమటలు కక్కుతూ కాపలా కాశాడు. వాళ్లు తిరిగివచ్చేదాకా చీమ కూడా రాలేదు.

తరవాత ఇంకో కుటుంబాన్ని పిలిచి, "మస్తాను బండి కట్టించుకోండి. ముహూర్తం అడగకండి" అన్నాడు. ఆ ఇంటి ముసలమ్మ, "వర్జ్యంలో బయల్దేరమంటావురా, నీ నోట్లో మన్నుపడ!" అని తిట్టిపోసింది. అయినా వెళ్లారు. మళ్లీ అటక, మళ్లీ చెమటలు. మళ్లీ ఎవరూ రాలేదు.

"ఇద్దరూ కాదే!" అని ఓబలేశు తల పట్టుకున్నాడు.

"మూడో చెవి ఒకటి ఉందిగా" అంది నాగులమ్మ.

"ఎవరిదే అది?"

"మీదే."

ఓబలేశు మీసం నిక్కబొడుచుకుంది. "నన్నే అనుమానిస్తావా? నేను తలారినే!"

"తలారి చెవి చెవి కాదా? అది కూడా చూస్తే మీ సొమ్మేం పోయింది?"

సరే, పెళ్లాం మాట తీసేయలేక, నేతగాడు చౌడప్పతో, "నాకొక్కడికే చెప్పి పో" అన్నాడు. చౌడప్ప ముహూర్తం చూడలేదు, బండి కట్టలేదు, పెరటిదారిన పోయాడు. ఆ ఇంటికి మాత్రం ఓబలేశు కాపలా కాయలేదు. తన మీద తనకు కాపలా ఎందుకని!

మూడోనాటికి చౌడప్ప ఇల్లు ఊడ్చినట్టు ఖాళీ.

ఓబలేశు అరుగు మీద కూలబడిపోయాడు. కదిరప్ప ఖైదులో ఉన్నాడు, అతనికి తెలిసే దారే లేదు. "నాకు తప్ప ఎవరికీ తెలియదే!"

"అయితే దొంగ మీరే సామీ" అని నవ్వింది నాగులమ్మ. మరుక్షణమే ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది. "పోనీ, ఎవరి దగ్గర అన్నారో గుర్తు తెచ్చుకోండి. మీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలియదా?"

రోజూ సాయంత్రం ఓబలేశు సంత మంటపంలో ఇత్తడి సామాన్లమ్మే గురువప్పతో పులిజూదం ఆడేవాడు. గురువప్ప ఏనాడూ ఏమీ అడగలేదు. ఆటలో ఓడిపోతూ, "పాపం ఓబలేశన్నా, ఊరి బరువంతా నీ నెత్తినే. ఊపిరి సలపదు కదా!" అని జాలిపడేవాడు, అంతే. ఆ జాలికి ఓబలేశు కరిగిపోయి, "చూడవయ్యా మరి! ఇవాళ ఆ ఇల్లు, రేపు ఈ ఇల్లు..." అని అంతా ఏకరువు పెట్టేవాడు. అటక మీద దాక్కున్న రోజుల్లో ఆట లేదు గానీ, చౌడప్ప పోయిన సాయంత్రం ఆ ఇంటి మాట కూడా చెప్పేశాడు.

"అడిగి తెలుసుకునేవాడిని చూసి భయపడనక్కర్లేదు. అడక్కుండా చెప్పించుకునేవాడే గట్టివాడు" అంది నాగులమ్మ అదంతా విని.

సిగ్గుతో ఓబలేశుకు చచ్చినంత పనైంది. కానీ కదిరప్ప పిల్లలు గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. "ఏ నోరు చెడగొట్టిందో ఆ నోటితోనే బాగుచేస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం పులిజూదం ఆడుతూ పెద్దగా నిట్టూర్చాడు.

"ఏం ఓబలేశన్నా, దిగులుగా ఉన్నావ్?"

"ఏం చెప్పను గురువప్పా! రేపు మేమే మా అత్తగారి ఊరికి పోతున్నాం. ఊరందరి ఇళ్లూ కాసేవాడిని, నా ఇల్లు కాసే దిక్కు లేదు. వెండి చెంబులన్నీ వంటింట్లోనే ఉన్నాయి."

"అయ్యో పాపం!" అన్నాడు గురువప్ప. ఆ రోజు మరీ తొందరగా ఓడిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎండకు వీధి వీధంతా తలుపులు బిగించుకుని కునుకు తీస్తోంది. గస్తీవాళ్లు మేలుకునేది రాత్రిపూట కదా, పగలు ఎవరు చూస్తారు? గురువప్ప ఇత్తడి సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని, పెరటి తలుపు తీసుకుని తలారి ఇంట్లోకి దూరాడు. గంపలో బిందెలు ఉంటే వాటి కింద ఇంకో నాలుగు ఉన్నాయని ఎవరు అనుకుంటారు? ఇన్నాళ్లూ దొంగసొత్తంతా ఊరి నడివీధిలోంచే పోయింది!

వెండి చెంబు మీద చెయ్యి వేశాడో లేదో, "రా అన్నా, మంచినీళ్లు తాగుతావా?" అంటూ నాగులమ్మ రోకలి పట్టుకుని గాదె చాటునుంచి వచ్చింది. వెనక ఓబలేశు, ఆ వెనక భటులు. గురువప్ప నెత్తిమీది గంప దబ్బున కింద పడింది.

సభలో రాజుగారు ఓబలేశును మెచ్చుకోబోతుండగా గురువప్ప అరిచాడు: "మహారాజా! నేను ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఏ ఇల్లు ఖాళీయో నాకు చెప్పింది ఈ తలారే!"

దొంగ మాట ఎవరు నమ్ముతారు? ఓబలేశు "అబద్ధం" అంటే చాలు, గండం గడిచిపోతుంది. కానీ ఎదురుగా సంకెళ్లతో కదిరప్ప నిలబడి ఉన్నాడు.

"నిజమే ప్రభూ" అన్నాడు ఓబలేశు. "జనం నన్ను నమ్మి చెప్పిన మాటల్ని నా గొప్ప కోసం పంచిపెట్టాను. దోచింది ఇతడే. దారి చూపింది నేను. ఏ పాపమూ ఎరగనివాడు కదిరప్ప." తలారి కర్ర తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు.

తిమ్మభూపాలుడు గురువప్పను ఖైదుకు పంపి, దోచిన సొత్తంతా ఎవరిది వాళ్లకు ఇప్పించాడు. తరవాత కదిరప్ప సంకెళ్లు తీయించి, "నిన్ను ఇంత కష్టపెట్టింది ఇతని నోరు. ఇతనికి శిక్ష నువ్వే చెప్పు" అన్నాడు.

కదిరప్ప కాసేపు ఆలోచించాడు. "ప్రభూ, దొంగను పట్టింది కూడా ఆయనే. తన తప్పు తానే ఒప్పుకున్నాడు. కర్ర ఆయన దగ్గరే ఉండనీయండి. ఊరికి పోయేవాళ్ల కబురు మాత్రం ఇకనుంచి నాకు చెప్పమనండి." కాస్త ఆగి, "ఆయనకు కూడా నేను చెప్పను" అన్నాడు.

సభంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నాగులమ్మే. రాజుగారు అలాగే కానిమ్మన్నారు.

కొన్నాళ్లకు ఓబలేశు ఉండబట్టలేక చావడిలో మెల్లగా అడిగాడు: "ఏం కదిరప్పా, ఈ వారం ఎవరైనా ఊరికి పోతున్నారా?"

కదిరప్ప ఆకాశంకేసి చూసి, "ఎండలు మండిపోతున్నాయయ్యా" అన్నాడు.

నమ్మి చెప్పిన మాట మన దగ్గర దాచిన పరాయి సొమ్ము. దాన్ని గొప్పకు పంచిపెట్టేవాడు దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినవాడే.