ఏటికి లొంగని భాస్వరపు రాయి

"రాయీ రాయీ తెల్లరాయీ,
వానొస్తుంటే దాక్కోవేమే..."

ఆ పైన ఇంకో రెండు ముక్కలున్నాయి. చిన్నప్పుడు కలుపు తీస్తూ పాడేవాళ్లం, ఇప్పుడు నోటికి రావడం లేదు. పాటలోని కథ మాత్రం పోలేదు. వినండి పిల్లలూ.

ఒకప్పుడు భాస్వరపు రాయి ఉప్పుగల్లులా నీళ్లలో ఇట్టే కరిగిపోయేది. ఎప్పుడో సముద్రంలో తిరిగిన చేపల ఎముకలూ పళ్లూ పేరుకుని, పేరుకుని రాయయ్యాయట. ఎంత వింతో చూడండి! ఆ రాతి సత్తువ తాగి పైరు గింజ కట్టేది. ఆ గింజ తిని మనుషుల ఎముకలు గట్టిపడేవి.

కానీ ఏరు ఊరుకునేదా? వాన పడగానే ఉరికొచ్చి, కరిగిన రాతినంతా సముద్రానికి ఈడ్చుకుపోయేది.

గుట్ట కింద నల్లరేగడిలో సుంకమ్మ అనే రైతు శనగ వేసింది. మొక్కలు జానెడైనా లేవలేదు. గుట్ట మీద చూస్తే మిగిలింది ఒక్కటే రాయి.

సుంకమ్మ దాని ముందు కూలబడింది. "అమ్మా, నువ్వూ పోతే ఈ నేలలో గింజ పుట్టదు. ఇంట్లో విత్తనాలు కూడా అయిపోయాయే!"

అంతలో ఏరు పొంగుతూ వచ్చింది.

"ఏమే తెల్లదానా, బయల్దేరు! మీ అక్కలంతా ఎప్పుడో వెళ్లారు."

"నేను రాను."

"రాకేం చేస్తావే? నేను తాకితే కరగనిదెవరు?"

"తాకి చూడు!"

రాయి పళ్లు బిగించింది. చేపల పళ్లాయె, తక్కువ గట్టివా! ఏరు కొట్టింది, గుద్దింది, మూడు రోజులు నానబెట్టింది. రాయి ఇసుమంత కూడా కరగలేదు. ఏరే అలిసిపోయి తగ్గింది.

సుంకమ్మ మురిసిపోయి, రాతిని దంచి చేలో చల్లింది. అలవాటు కొద్దీ పైన నీళ్లు పోసింది. అక్కడే పొరపాటు చేసింది! పొడి ఇంకా బిగుసుకుంది.

"నాక్కూడా కరగవా తల్లీ?"

"నీళ్లకు కరగనని ఒట్టేసుకున్నా సుంకమ్మా. నీకోసమైనా ఒట్టు తప్పను. నీళ్లు కానిది తెచ్చుకో."

సుంకమ్మ దగ్గర ఇంకేముంది? మధ్యాహ్నానికి తెచ్చుకున్న ముంతెడు పుల్లమజ్జిగ. ఆకలి చంపుకుని, అదే మొక్కల మొదట్లో పోసింది.

"అబ్బ, పులుపు!" అని శనగమొక్క ఒళ్లు జలదరించింది. ఆ పులుపును వేళ్లలో దాచి, రాతిపొడికి అందించింది.

"ఇది ఏటి రుచి కాదు" అంది రాయి. మెల్లగా కరిగింది. చేనంతా కాయ పట్టింది.

అప్పటినుంచే భాస్వరపు రాయి నీళ్లకు కరగదు, పులుపుకే లొంగుతుంది. అందుకే ఫ్యాక్టరీలో దానిమీద ఘాటైన ఆమ్లం పోసి సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చేస్తారు. అగ్గిపుల్ల గీసే గరుకు పట్టీలోనూ దాని సత్తువే ఉంది, ఆ రోషం చూశారా! శనగాకు కూడా అప్పటినుంచే పుల్లన. తెల్లారుజామున చేలో ఆ ఆకుల మీద గుడ్డ పరిచి, పులుపెక్కిన మంచును పిండుకుంటారు ఆడవాళ్లు.

ఏరు మాత్రం, ఆ ఏడు సుంకమ్మ పంట నూర్చి ఆ శనగలు తిన్నాక, మళ్లీ వచ్చి, "ఎక్కడే ఆ రాయి?" అని గర్జించింది. సుంకమ్మ ఒంట్లోంచి రాయి పలికింది. ఏటితో అది ఆడిన ఆఖరి మాట అదే:

"ఈమె ఎముకల్లో ఉన్నానే. వచ్చి లాక్కో, చూద్దాం!"