జుబేదమ్మ డిపాజిట్

తన బ్రాంచికి ఏమైందో బ్యాంకు మేనేజరు ఫణీంద్రకు అంతు చిక్కలేదు.

ఊరందరికీ ఫోన్‌లోనే బ్యాంకు పనులు చేసుకోవడం నేర్పింది అతనే. కౌంటర్ల దగ్గర రద్దీ తగ్గింది, ఖర్చు తగ్గింది, మొదటి ఏడాది లాభం పెరిగింది. పై ఆఫీసువాళ్లు పిలిచి శాలువా కప్పారు. మరుసటి ఏడు నుంచి డిపాజిట్లు ఒక్కొక్కటే జారిపోసాగాయి. ఇలాగే ఉంటే బ్రాంచి ఎత్తేస్తామని ఇప్పుడు కబురొచ్చింది.

గురువారం దర్గాకు వెళ్లి, చిన్నప్పటి నుంచీ తనకు గురువైన గులాం షా బాబా ముందు కూర్చున్నాడు.

"ఇంట్లోంచి కదలకుండా పని జరిగే ఏర్పాటు చేశాను బాబా. అయినా వెళ్లిపోతున్నారు."

"ఈమధ్య వెళ్లిందెవరు?"

"బట్టలు కుట్టే జుబేదమ్మ. ఎప్పటి నుంచో మా దగ్గరే ఖాతా. డిపాజిట్ మొత్తం వేరే బ్యాంకుకు మార్చేసుకుంది."

"ఎందుకని?"

"అక్కడ వడ్డీ కాస్త ఎక్కువ."

"ఆమె చెప్పిందా?"

"లేదు బాబా. నేనే అనుకున్నాను."

బాబా చేతికర్ర అందుకుని లేచాడు. "పద."

జుబేదమ్మ మిషను ఆపి ఇద్దరికీ చాప పరిచింది. "డిపాజిట్ కోసం వచ్చారా సార్?"

కాదనబోయి ఫణీంద్ర బాబా వైపు చూశాడు. "అవునమ్మా," అన్నాడు. "మా వల్ల తప్పేమైనా జరిగిందా?"

"తప్పేముంది సార్. మా ఆయన చనిపోయాడని మీ బ్యాంకు యాప్‌లో రాశాను. మా సేవలు వాడుకుంటున్నందుకు సంతోషం అని జవాబొచ్చింది." ఆమె గొంతులో కోపం లేదు. "మీదీ ఫోన్‌లోనే, వాళ్లదీ ఫోన్‌లోనే. ఎక్కడైతే ఏముంది? వాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువిస్తామన్నారు."

ఫణీంద్రకు ఆమె భర్త పీరా సాబు గుర్తొచ్చాడు. బ్యాంకుకొస్తే లైనులో ఉన్నవాళ్లందరినీ నవ్వించేవాడు.

"ఎప్పుడమ్మా?"

"రంజానుకు ముందు."

బాబా అరచేతులు పైకెత్తి పీరా సాబు కోసం దువా మొదలుపెట్టాడు. ఫణీంద్ర కూడా చేతులెత్తాడు. జుబేదమ్మ కొంగు తలమీదికి లాక్కుని నెమ్మదిగా ఏడ్చింది.

తర్వాత టీ పెట్టి ఇచ్చింది. తాగినంతసేపూ పీరా సాబు మాటలే. వడ్డీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సందు చివర బాబా ఆగాడు. ఫణీంద్ర వంగి ఆయన చేయి కళ్లకద్దుకున్నాడు.

"రేపు సాయంత్రం మళ్లీ వస్తాను బాబా."

"నా దగ్గరికెందుకు?" అన్నాడు బాబా, చేతికర్రతో సందులోని మిగతా ఇళ్ల వైపు చూపిస్తూ.