గూడబాతు ముక్కు కింద సంచి

అబ్బాయ్, కాలవలో నువ్వు చేపలకి పెట్టిన మావు బుట్ట చూశాను. చేపపిల్ల కూడా తప్పించుకోలేనంత బిగువుగా అల్లి, నిలువునా ముంచేశావు. పొద్దున ఎత్తితే తినే చేపలు రెండు, గట్టున పారేసిన చచ్చిన కప్పలు గంపెడు. అవేం చేశాయి నీకు? కూర్చుని విను.

ఒకప్పుడు కొల్లేటిలో పక్షులు కూడా మావులు పెట్టి చేపలు పట్టేవి. తుంగపుల్లలతో బుట్టలా అల్లి, మూతి దగ్గర పుల్లల్ని లోపలికి వంచేవి. దూరడం తేలిక, బయటికి రావడం కష్టం.

కొల్లేరు వాటికి ఒక కట్టడి పెట్టింది. "పుల్లకీ పుల్లకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి, నా చేపపిల్లలు పోవాలి. మావు తల జానెడు నీటిపైన ఉంచండి, పొరపాటున దూరినవాళ్లు ఊపిరి పీల్చుకోవాలి" అంది.

అందరూ సరేనన్నారు, ఒక్క బాతు దొర తప్ప. తెల్లటి ఒళ్లు, సన్నటి ముక్కు, ఒళ్లంతా పొగరు. "నోటికాడికొచ్చిన దాన్ని నేనెందుకు వదలాలి?" అని చీమ కూడా దూరనంత బిగువుగా మావు అల్లి, అడుక్కి ముంచి తాడుతో కట్టేసింది.

ఒకనాడు డిప్పమ్మ అనే తాబేలు కూతురు నాచి, ఎరగా పెట్టిన వానపాము కోసం ఆ మావులో దూరింది. డిప్పమ్మ గబగబా ఈదుకుంటూ బాతు దొర దగ్గరికి వెళ్లింది. తాబేలు ఎంతసేపని ఊపిరి బిగపడుతుంది?

"దొరా, మావు ఎత్తు. పిల్ల చచ్చిపోతుంది."

"నేను రమ్మన్నానా? రెక్కలు ఆరబెట్టుకుంటున్నాను, కనిపించడం లేదా? సాయంత్రం రా" అంది బాతు దొర.

డిప్పమ్మ మళ్లీ బతిమాలలేదు. బుడుంగున మునిగింది. ఎండ్రకాయ అప్పటికే అక్కడుంది.

"అన్నా, తాడు కొరుకు."

"కొరుకుతున్నానమ్మా. దొరగారి తాడు, కాస్త గట్టిగానే ఉంది" అంది ఎండ్రకాయ.

తాడు తెగింది. డిప్పమ్మ మావు కింద వీపు పెట్టింది. కాళ్లు బురదలో తన్ని, ఉన్న బలమంతా పెట్టి లేపింది. మావు తల నీటిపైకి తేలింది. లోపల నాచి మూతి పైకెత్తి బుస్సుమని గాలి పీల్చింది.

"నా మావు ముట్టుకుంటావా?" అంటూ బాతు దొర వచ్చిపడింది. నాచిని పొడవాలని మావు మూతిలో ముక్కు దూర్చింది. వంచిన పుల్లలు ముక్కును పట్టేశాయి. రెండు వేళ్ల సందు ఉండుంటే ఏ పక్కనుంచో లాక్కునేది. సందేదీ? గింజుకుంది, రెక్కలు కొట్టుకుంది. మావు అడుగు పిగిలి నాచి బయటపడింది. కొల్లేరంతా కేరింతలు కొట్టింది.

గుంజగా గుంజగా బాతు దొర ముక్కు మూరెడు సాగింది. నానిన మావు ముక్కు కింద తోలులా అంటుకుపోయింది.

"కొల్లేరా, దీన్ని ఊడదియ్యి."

"అల్లింది నువ్వే. మొయ్యి" అంది కొల్లేరు.

అప్పటినుంచే దాని ముక్కు కింద ఆ సంచి వేలాడుతోంది. ఒక్క చేప కోసం ముక్కు ముంచితే సంచి నిండా నీళ్లే వస్తాయి. రైతు గూడ అనే తాళ్ల బుట్టతో నీళ్లు తోడిపోసినట్టు, ముక్కు కిందికి వంచి ఆ నీళ్లన్నీ పారబోస్తే గానీ ముద్ద దిగదు. ఆ లోపు చేపపిల్లలు జారిపోతూనే ఉంటాయి. దొర అన్న పేరు పోయి గూడబాతు అన్న పేరు మిగిలింది. ఇప్పటికీ అది తినే ప్రతి ముద్దకీ ముందు కొల్లేటికి తల వంచుతుంది.