మోగే బండ

నాగలింగం నలభై రోజుల ఏకాంతానికని కూర్చుని, తొమ్మిదో నాటికే లేచి వచ్చేశాడు.

పదకొండేళ్లుగా అతను ఈరమ్మ అవధూతకు శిష్యుడు. తుంగభద్రకు ఇవతల, నల్లరాళ్ల గుట్టల నడుమ ఆమె ఆశ్రమం. ఆశ్రమమంటే రెండు గుడిసెలు, మంచినీళ్లు నిలిచే ఒక రాతి దోన. మనుషుల మీద మమకారం తెగిందో లేదో తేల్చుకుంటానని ఆ ఏడు నాగలింగం ఎదురు గుట్ట మీది గుహలోకి వెళ్లాడు.

తొమ్మిదో సాయంత్రం గొర్రెలకాపరులు గుట్ట కింద పొయ్యి రాజేసుకున్నారు. పొగ వాసన పైకి వచ్చింది. ఎవరో ఏదో అన్నారు. నలుగురూ నవ్వారు.

ఎప్పుడు కిందికి దిగాడో అతనికే తెలియదు. వాళ్ల మధ్య కూర్చుని సంగటి తిన్నాడు. ఒక గొర్రెకు కాలు విరిగిన సంగతి వాళ్లు చెబుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తెల్లవారగానే వచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

"నన్ను పంపించెయ్యమ్మా. పదకొండేళ్లు చేసిందంతా ఒక్క నవ్వుకే కొట్టుకుపోయింది. నేను దీనికి పనికిరాను."

ఈరమ్మ లేచి కొంగు దోపుకుంది.

"పోదువులే. ముందు నాతో రా" అంది.

మంచు ఇంకా విడవలేదు. ముందు నడిచే ఆమె తెల్లచీర ఒకసారి కనిపించి, ఒకసారి మాయమవుతోంది. గుట్ట నడుమ ఒక నల్లబండ దగ్గర ఆగింది. బండ నిండా గుంటలు, అరచేయంత వెడల్పు, అద్దంలా నున్నగా. ఆమె ఒక గుండ్రాయి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆ గుంటలో కొట్టు. నేను ఇప్పుడే వస్తా."

అతను గొంతుక్కూర్చుని కొట్టాడు. బండ కంచులా మోగింది. ఒళ్లంతా జలదరించింది. మళ్లీ కొట్టాడు. మోత మంచులోకి వెళ్లి, ఎక్కడో చాలాసేపు తిరిగి, ఆగిపోయింది.

అప్పుడు, మంచుకు అవతల నుంచి, ఇంకో బండ మోగింది.

నాగలింగం చెయ్యి దానంతటదే లేచి బదులిచ్చింది. అటు నుంచి రెండు దెబ్బలు. ఇటు నుంచి రెండు. కొంతసేపటికి, కొడుతున్నది తన చెయ్యేనా అనిపించింది. మంచులో బండ బండకూ ఎవరో కూర్చున్నట్టు, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు చెవులు రిక్కించి వింటున్నట్టు తోచింది. వాళ్ల భాష అతనికి తెలియదు. అయినా ఎవరూ కొత్తవాళ్లు కారు.

తేరుకునేసరికి అతను నడుస్తున్నాడు. మోత వచ్చే వైపే కాళ్లు పోతున్నాయి.

అవతలి బండ మీద ఈరమ్మ కూర్చుని ఉంది. ఆమె చేతిలోనూ ఒక గుండ్రాయి. ఆ బండకూ అవే గుంటలు.

"ఇవి ఎవరు తొలిచినారమ్మా?"

"తొలచలేదు నాయనా. కొట్టీ కొట్టీ అరిగినాయి. అప్పటికింకా ఊళ్లు లేవు, నాగలి లేదు. మనుషులు రాతి గొడ్డళ్లు పట్టుకుని తిరిగేవాళ్లంట, అప్పటివి ఇవి. మా గురువు చెప్పినాడు."

అతను ఒక గుంటలో వేళ్లు పెట్టి చూశాడు. అంత గట్టి రాయి ఇంత లోతు అరగాలంటే ఎన్ని చేతులు కావాలో ఊహకు అందలేదు.

"ఎందుకు కొట్టేవాళ్లు?"

"నువ్వెందుకు కొట్టినావు?"

"అవతల ఎవరో పలికినారని" అన్నాడు నాగలింగం.

ఈరమ్మ కాస్త పక్కకు జరిగి, బండ మీద చోటిచ్చింది.